వాకిట నిలిచిన పాట

ధనుర్మాసము వచ్చినదనిన మా యింట తెల్లవారకమునుపే దీపము వెలుగును. దాసయ్య జేగంట వీధి మలుపున వినబడగానే చేటతో బియ్యము తీసికొని వాకిట నిలుచుట పుట్టినింటినుండి మాకు వచ్చిన యలవాటు. ఆ మాసముననే, డిసెంబరు 24వ తేది రాత్రి, మరియొక పాట మా వీధిలోనికి వచ్చును. దానిని గూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పవలెనని చిరకాలముగా అనుకొనుచున్నాము. చెప్పుటకు కొంత సిగ్గుగా నున్నను, దాచుట అంతకంటె తప్పు.

మా వారు ఉపాధ్యాయులు. 2017వ సంవత్సరమున బదిలీ యగుటచే అనంతపురము జిల్లాలోని యొక మెట్టపల్లెకు కాపురము వచ్చితిమి. ఈ సీమలో ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అదియు నమ్మదగినది కాదు. ఎఱ్ఱనేల, వేరుసెనగ చేలు, చింతచెట్లు, అడుగంటిన చెరువు, ఇవియే మా కంటికి కనబడునవి.

ఆ యేట క్రిస్మసు ముందు రాత్రి పది గంటల వేళ, ఊరికి వెలుపలనున్న కాలనీనుండి పాటలవారు బయలుదేరిరి. కఱ్ఱకు కట్టిన కాగితపు నక్షత్రములో దీపము, ఒక డోలక్కు, తాళములు. వెనుక ఇరువదిమంది ఆడువారు, మగవారు, పిల్లలు. తమ బిడ్డలకు చదువు చెప్పు అయ్యవారి యిల్లని మా వాకిటికిని వచ్చిరి. ఆనాడు మా వారు ఊరిలో లేరు. మేము తలుపు తీయలేదు. వ్రతమాసమనియు, ప్రొద్దుపోయినదనియు మనస్సునకు సాకులు చెప్పుకొంటిమి. నిజమైన కారణము మాకు తెలియును. ఇరుగుపొరుగువారేమందురో యను భయము; దానికి వెనుక, తాతముత్తాతలనాటినుండి మాలో పేరుకొన్న అంటరానితనపు బూజు. కిటికీ ప్రక్కన నిలిచి వింటిమి. వారు పాట ముగించి, మూసిన తలుపునకే పండుగ శుభములు పలికి వెడలిపోయిరి.

తెల్లవారుజామున దాసయ్యకు బియ్యము పోయుచుండగా ఎనిమిదేండ్ల మా అమ్మాయి, "అమ్మా, ఈ తాతకు తలుపు తీస్తివి గదా! రాత్రి పాడినవాళ్లకు ఎందుకు తీయలేదు?" అని యడిగెను. భాగవతము చదివితిమని గర్వపడు మాకు ఉత్తరము దొరకలేదు.

ఆ పల్లవిని మా అమ్మాయి వారము దినములు కూనిరాగము తీయుచునే యుండెను. వినగా వినగా మాకొక విస్మయము కలిగెను. దొరలు తెచ్చిన వరుసకు తెలుగుమాటలు అతికించిన పాటయని మేమనుకొన్నది, మా తల్లిగారు నేర్పిన కీర్తనల నడకలోనే యున్నది. మా వారు ఎచ్చటనో సంపాదించి "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" అను పుస్తకమును తెచ్చియిచ్చిరి. అందు కీర్తనల తలమీద రాగమును తాళమును ముద్రించియున్నవి. ఆ పుస్తకమునకు ప్రాణము పోసినవారిలో ప్రముఖుడు పురుషోత్తమ చౌదరి. 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో మరణించిన ఆయన, తాను నమ్మిన దేవుని తెలుగువారికి తెలిసిన రాగతాళములలోనే పాడెను. మతము మారినను చెవి మారలేదు. అందుచేతనే ఆ పాటలు చదువురాని నోళ్లలో గూడ నూఱేండ్లకు మించి నిలిచినవి.

పరదేశపు పాటల చరిత్రయు ఇట్టిదే. రాత్రి నిశ్శబ్దమును, నిద్రించు శిశువును వర్ణించు జర్మను పాట నేడు లోకమంతట పాడబడుచున్నది. దానిని యోసెఫ్ మోర్ అను యువగురువు 1816లో వ్రాసెను. ఆ యేడు ఐరోపాలో వేసవియే రాలేదు. చలికి పైరులు చచ్చి జనులు కఱవుపాలైరి. రెండేండ్లకు, 1818 డిసెంబరు 24వ తేదిని, ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ అను చిన్న యూరి గుడిలో గిటారుతో అది మొదట పాడబడెను. స్వరము కట్టిన ఫ్రాంట్స్ గ్రూబర్ ప్రక్క పల్లెలోని బడిపంతులు! పంతులుగారి యిల్లాలినగుటచే ఈ సంగతి మాకు మిక్కిలి ప్రియమైనది. పాట ఊరూరు తిరుగుచు కట్టినవారి పేర్లను మఱచినది. 1854లో గ్రూబరే దాని పుట్టుకను వ్రాసి తెలుపవలసివచ్చెను. 1914లో, మహాయుద్ధమున, క్రిస్మసు ముందు రాత్రి కందకములలోని శత్రుసైనికులు పలుచోట్ల తుపాకులు దించి ఒకరి పాటలనొకరు వినిరి. కందకము దాటిన పాట మా గడప దాటలేకపోయెనే యని చదివి తలవంచుకొంటిమి.

మరుసటి యేడు 2018. ముంగారు వానయు తప్పెను, వెనుకటి వానయు తప్పెను. వేరుసెనగ ఊడలు దిగకమునుపే ఎండినది. కాలనీలో సగమిండ్లకు తాళములు పడెను. వయసువారందఱు బేల్దారి పనులకు బెంగుళూరు పోయిరి. ఈసారి పాట రాదనుకొంటిమి. పది గంటలకు మలుపున నక్షత్రము కనబడెను. డోలక్కు వాయించువాడు లేడు. ఒక అవ్వ, ఇద్దఱు ఆడువారు, నలుగురు పిల్లలు; చప్పట్లే తాళము.

వారు పల్లవి ఎత్తుకొనకమునుపే మేము తలుపు తీసితిమి. మా వారు అరుగుమీద చాప పఱచిరి. పాట ముగియువఱకు నిలిచి వినితిమి. పిమ్మట బొరుగులు, బెల్లము, వేడి టీ యిచ్చి, "ఇంత కఱవులో గూడ వచ్చితిరే, అవ్వా!" అంటిమి.

"వానొచ్చినా రాకున్యా పాట రావల్ల గదా, అయివోరమ్మా!" అనెను అవ్వ.

ఆమెకు అక్షరము రాదు. చరణములన్నియు కలుపు తీయుచు తల్లి నేర్పినవట. లేచి పోవుచు మెల్లగా, "పోయినేడు గూడా మీరు కిటికీ కాడ నిలబడి వింటాంటిరి గదమ్మా! నీడ కనపడె. అందుకే ఒగ చరణం గూడా ఇడ్సకుండా పాడినాము" అనెను. ఆ మాటలో నిష్ఠూరము లేదు. ఉన్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

ఈ పాటలు ఏల ఇంతకాలము నిలుచునో నాటినుండి మాకు కొంత బోధపడినది. వీనిలో పెక్కులు జోలపాటలు. పశువులపాకలో పుట్టిన బిడ్డను నిద్రపుచ్చు పాటకు, చెఱసాలలో అర్ధరాత్రివేళ పుట్టిన కృష్ణునికి పాడు లాలికి, తల్లి చెవిలో భేదము లేదు. ఒకరు పాడగా పదిమంది అందుకొందురు గనుక కంఠము బాగులేనివారికిని అందు చోటున్నది. ఏడాదికొక్కమారే వచ్చును గనుక పాతబడదు. ఏ గొంతు ఈ యేడు లేదో, ఏ గొంతు కొత్తగా కలిసినదో ఆ రాత్రియే తెలియును. నేడు ఫోనులలో, మైకులలో కావలసినన్ని పాటలు మ్రోగుచున్నవి; మ్రోగనిండు. కాని యంత్రము మన గడపకు నడచిరాదు; మూసిన తలుపును క్షమించి మరల రాదు. లేనివారు ఉన్నవారి వాకిటికి అడుగుటకు గాక ఇచ్చుటకు వచ్చు రాత్రి అది. ఆ పాటకుగల బలమిదియేయని మా యభిప్రాయము.

సోదరీమణులారా, మతము మార్చుకొనుడని మేము చెప్పుట లేదు, మేమును మార్చుకొనలేదు. తెల్లవారుజామున దాసయ్యకు బియ్యము నేటికిని పోయుచున్నాము. ముందునాటి రాత్రి మాత్రము బొరుగులు వేయించి, చాప దులిపి, గడియ తీసియుంచుచున్నాము. పాట వాకిటికి వచ్చినపుడు మీరును కిటికీ ప్రక్కన నిలువక తలుపు తీయుడు. మీ నీడ వారికి కనబడుచునే యుండును.