ఎమ్మిగనూరు మెరూన్ ఏ మానిటర్‌లో సరిగ్గా కనిపిస్తుంది?

పత్తి సీజన్లో ఒక పొద్దున ఆదోని మార్కెట్ యార్డులో నిలబడి చూడండి. వ్యాపారి కుప్పలోకి చెయ్యి పెట్టి గుప్పెడు పత్తి తీస్తాడు. వేళ్లతో పింజ లాగి పొడవు చూస్తాడు, నొక్కి తేమ చూస్తాడు. ఈ రెండూ చూసేలోపే ఆయన కన్ను రంగు చూసేసి ఉంటుంది. వానకు తడిసి పసుపు తిరిగిన పత్తికి ఒక రేటు, తెల్లటి పత్తికి ఇంకో రేటు. ల్యాబుల్లో హెచ్‌వీఐ అనే మిషన్లున్నాయి. పత్తి ఎంత తెలుపు, ఎంత పసుపు అన్నది అవి అంకెల్లో చెప్తాయి. యార్డులో మాత్రం బేరం ఇంకా కంటి మీదే నడుస్తుంది. రంగులో కొంచెం తేడా వస్తే రైతు చేతికొచ్చే డబ్బులో తేడా వస్తుందని మా ఊరోళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

నేను ఆ ఊర్లో పుట్టినోణ్నే. బీటెక్ చేసి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. ఈసారి వారం రోజులు సెలవు పెట్టి వచ్చింది ఒక కంప్యూటర్ మానిటర్ పని మీద. "మానిటర్ కొనేదానికి బెంగళూరు నుంచి ఆదోనికి వస్తార్రా ఎవరైనా?" అని మా నాయన నవ్వినాడు. కారణం ఎమ్మిగనూరులో ఉంది.

మగ్గాల ఊరు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాదాపు 30 కిలోమీటర్లు. బస్సు ఊరు దాటితే నల్లరేగడి చేలు, పత్తి, మిరప, ఉల్లి. కర్నూలు మీదుగా మంత్రాలయం వెళ్లిన భక్తులకు ఎమ్మిగనూరు బస్టాండు గుర్తుండే ఉంటుంది. జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర జరిగేది ఇక్కడే. కన్నడ దేశం పక్కనే కాబట్టి బజారులో తెలుగూ కన్నడమూ కలిసే వినిపిస్తాయి.

ఈ ఊరి పేరు దూరాలకు పోయింది మాత్రం చేనేత వల్లే. 1938లో మాచాని సోమప్ప గారు ఇక్కడ చేనేతవాళ్లకు సహకార సంఘం పెట్టారు. నేతగాళ్లకు నూలు, పని చూపించడం, నేసిన బట్టను అమ్మిపెట్టడం సంఘం బాధ్యత. ఆ కృషికి ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు అంటే ఇప్పటికీ అడిగి కొనేవాళ్లున్నారు. మగ్గాలు మాత్రం తగ్గాయి. వానలు సరిగ్గా లేని ఏడు ఈ పడమటి మండలాల నుంచి గుంటూరు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే వలస పోతాయి. అలాంటి చోట ఒక ఇంట్లో మగ్గం ఆడుతోందంటే, ఆ ఇంటికి తాళం పడలేదని అర్థం.

మా చిన్నమ్మ వాళ్ల ఇంట్లో మగ్గం ఆడుతోంది. చిన్నాన్న నేస్తాడు, చిన్నమ్మ కండెలు చుడుతుంది. వాళ్ల అమ్మాయి, అంటే నా చెల్లెలు, డిగ్రీ అయ్యాక పెన్ ట్యాబ్లెట్ కొనుక్కుని కంప్యూటర్ మీద డిజైన్లు వేయడం నేర్చుకుంది. దుప్పట్లకు అంచులు, గళ్లు, చీర కొంగుకు పూలు. ఒకప్పుడు గ్రాఫు కాగితం మీద ఒక్కో గడి రంగు నింపి చేసిన పని ఇది. అదే ఇప్పుడు స్క్రీన్ మీద గంటల్లో అవుతోంది. మెచ్చుకుని ఆర్డర్లు ఇచ్చేవాళ్లూ వచ్చారు.

ఒకే ఫైలు, మూడు రంగులు

పోయిన ఏడాది బయటి ఊరి వ్యాపారి ఒకాయన మెరూన్ అంచు దుప్పట్లు అడిగాడు. చెల్లెలు డిజైన్ వేసి వాట్సాప్‌లో పంపింది. ఆయన ఫోన్లో చూసి "ఓకే" అన్నాడు. అదే ఫైలును ప్రింట్ తీసి రంగులేసే వాళ్లకిచ్చారు. నూలు రంగేసి, నేసి, సరుకు పంపారు. వారానికి మొత్తం వెనక్కి వచ్చింది. "నేను ఒప్పుకున్నది మెరూన్. ఇది ఇటుక రంగు" అన్నాడాయన.

ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఆయన ఫోన్లో కనిపించింది మెరూనే. ప్రింట్‌లో వచ్చింది ఇటుక రంగే. చెల్లెలి ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఈ రెండూ కాని మూడోది. రంగు ఎక్కిన నూలును తిరిగి తెల్లగా చేయడమంటే ఖర్చూ ఎక్కువ, నూలూ దెబ్బతింటుంది. నేసేసిన దుప్పటికైతే ఆ దారి కూడా లేదు. వచ్చిన కాడికి అమ్మేశారు. ఆ నష్టం వ్యాపారికీ పడలేదు, కంప్యూటర్‌కీ పడలేదు. మగ్గం గుంటలో కూర్చున్న చిన్నాన్న కూలి మీద పడింది. "ఇంకోసారి ఇట్లయితే ఈ కంప్యూటర్ పని వద్దులే తల్లీ" అన్నాడంట. చెల్లెలు నాకు ఫోన్ చేసింది ఆ మాట విన్నాకే. "అన్నా, నాకు రంగు నిజంగా కనిపించే మానిటర్ కావాల. 25 వేల లోపల."

గడప దాటి చూడు

మానిటర్ కన్నా ముందు నూలు రంగు ఎలా చూస్తారో తెలుసుకోవాలనిపించింది. రంగులేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లింది చెల్లెలు. కొట్టంలో తొట్లు, ఆవిరి, కర్రలకు వేలాడే తడి చిలపలు. ఆయన ట్యూబ్‌లైటు కింద రెండు చిలపలు నా చేతిలో పెట్టి, "ఒగటేనా, రెండా?" అని అడిగాడు. నాకు రెండూ ఒకే మెరూన్‌గా కనిపించాయి. "గడప దాటి సూడు నాయనా" అన్నాడు. బయట ఎండలో ఒకటి ఎరుపు తిరిగింది, ఇంకోటి గోధుమ రంగుకు పోయింది.

ఒక వెలుతురులో ఒకటిగా కనిపించిన రెండు రంగులు ఇంకో వెలుతురులో విడిపోవడాన్ని రంగుల శాస్త్రంలో మెటామెరిజం అంటారు. పెద్దాయనకు ఆ పేరుతో పని లేదు. పగటి వెలుతురులో చూడనిదే ఏ రంగూ ఒప్పుకోడు, అంతే. నూలు తన మీద పడిన వెలుతురును తిప్పి పంపుతుంది. స్క్రీన్ తన వెలుతురును తానే ఇస్తుంది. కాబట్టి స్క్రీన్ సరైనదా కాదా అన్నది చిలపను పక్కన పెట్టుకుని చూస్తేనే తేలేది.

డబ్బా మీద ఏం చదవాలి?

చెల్లెలి ల్యాప్‌టాప్ స్క్రీన్ గురించి వెతికితే "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంది. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా కలర్ టీవీ కొలత. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఈ 45 శాతం తెరలే ఎక్కువ. వాటిలో ఎరుపు వెలిసినట్టు కనిపిస్తుంది. చెల్లెలు తన కంటికి బాగుండేదాకా ఎరుపు పెంచుకుంటూ పోయింది. మంచి తెర ఉన్న ఫోన్లో ఆ పెంచిందంతా బయటపడింది.

కంప్యూటర్లకు, ఇంటర్నెట్‌కు ఉమ్మడి కొలతగా 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనేదాన్ని ప్రతిపాదించాయి. ఫోన్లు, వెబ్‌సైట్లు, మామూలు ప్రింటింగ్ షాపులు ఎక్కువగా నడిచేది దాని మీదే. మనకు కావాల్సింది ముందు ఎస్‌ఆర్‌జీబీ దాదాపు 100 శాతం చూపించే తెర. "ఇంకా ఎక్కువ రంగులు" అని అడోబీ ఆర్‌జీబీ, పీ3 మానిటర్లు అమ్ముతారు. అవి చెడ్డవి కావు. కానీ వాటిలో సరైన ఎస్‌ఆర్‌జీబీ మోడ్ లేకపోతే మామూలు ఫైలు కూడా పండగ బట్టలా మెరిసిపోతుంది. మళ్లీ మొదటి తిప్పలే.

రెండోది డెల్టా ఈ. ఉండాల్సిన రంగుకూ తెర చూపించే రంగుకూ మధ్య దూరాన్ని చెప్పే అంకె ఇది. 1 దగ్గర ఉంటే కంటికి తేడా పట్టడం కష్టం. సగటు 2 లోపు ఉండి, ఫ్యాక్టరీలో సరిచేసిన కాగితం డబ్బాలో ఇస్తే మన పనికి సరిపోతుంది. మూడోది ప్యానెల్ రకం. ఐపీఎస్ అయితే పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. పాత టీఎన్ తెరల్లో తల కొంచెం వంచినా మారిపోతుంది. నాలుగోది 8 బిట్. ఒక్కో మూల రంగుకు 256 మెట్లు, మొత్తం 1 కోటి 67 లక్షల రంగులు. నేతలో ఒక దుప్పటికి వాడేది మహా అంటే ఏడెనిమిది రంగులు. 10 బిట్ కోసం అప్పు చేయక్కర్లేదు. గేమింగ్ మానిటర్ల మీద రాసే 144 హెర్ట్జ్, 165 హెర్ట్జ్ కూడా ఈ పనికి అక్కరకు రావు.

జేబులో చిలప

మరుసటి రోజు ఆదోని బజారులో కంప్యూటర్ అంగళ్లు తిరిగాం. పెన్ డ్రైవ్‌లో మూడు బొమ్మలు పెట్టుకున్నా: నలుపు నుంచి తెలుపుకు మెట్లు మెట్లుగా పోయే బూడిద రంగు పట్టీ, మనిషి ముఖం ఉన్న ఫొటో, చెల్లెలి డిజైన్. జేబులో మెరూన్ చిలప. ఒక అంగట్లో కుర్రాడు చిలపను చూసి "అన్నా, నూలు అంగడి పక్క సందులో" అన్నాడు. సంగతి చెప్పాక వాడే ఉత్సాహంగా నాలుగు మానిటర్లకు వైర్లు మార్చి చూపించాడు.

అంగట్లో అన్ని తెరలూ ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఉంటాయి. ముందు అది తగ్గించమనండి. నైట్ లైట్, వివిడ్, సినిమా లాంటి మోడ్‌లు ఆపించండి. రంగు వేడి 6500 కెల్విన్ దగ్గర పెట్టండి. బూడిద పట్టీలో ఎక్కడైనా గులాబీ ఛాయో ఆకుపచ్చ ఛాయో కనిపిస్తే ఆ మానిటర్ వదిలేయండి. నలుపు పక్క మెట్లు కలిసిపోయి ఒకే ముద్దలా ఉన్నా వదిలేయండి. మేం చూసిన నాలుగింటిలో రెండు ఇక్కడే పోయాయి. మిగిలిన రెండింటిలో ఒకటి 4కే, బడ్జెట్ దాటింది. ఇంకోటి 27 అంగుళాల ఐపీఎస్, 2560×1440, ఫ్యాక్టరీ కాగితం ఉంది, నెల లోపు మార్పిడికి ఒప్పుకున్నారు. అదే తీసుకున్నాం.

అంతటితో పని అయిపోదు. ఎంత మంచి మానిటర్ అయినా వాడేకొద్దీ రంగు జరుగుతుంది. దాన్ని సరిచేసే చిన్న పరికరం, కలర్ క్యాలిబ్రేటర్, మంచిది కొంటే ధర మానిటర్‌కు దగ్గరగా పోతుంది. ఒక్కళ్లకి భారం. ఆదోనిలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్నేహితుడున్నాడు. పెళ్లికూతురి చీర రంగు ఆల్బమ్‌లో మారిందని మాటలు పడేవాడే వాడు కూడా. వాడు, చెల్లెలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే ఇంకో అబ్బాయి, ముగ్గురూ డబ్బులేసుకుని ఒకటి కొన్నారు. నెలకోసారి అది బస్సెక్కి ఎమ్మిగనూరు పోతుంది, సాయంత్రానికి తిరిగొస్తుంది.

చెల్లెలి గదిలో ఇంకో రెండు మార్పులు చేశాం. తెర మీద కిటికీ ఎండ పడకుండా టేబుల్ తిప్పాం. నూలు చూసుకోవడానికి రంగును సరిగ్గా చూపించే 6500 కెల్విన్ లైటు పెట్టాం. తెర పక్కనే పెద్దాయన ఇచ్చిన దారాల అట్ట. ఆయన వేసే ప్రతి రంగుకూ ఒక పోగు, కింద నంబరు. తెర మీది రంగును ఆ పోగుకు కలిపి, కోడ్‌ను ఆ నంబరు పక్కనే రాసుకుంటుంది. కొన్ని నెమలి నీలాలు ఎస్‌ఆర్‌జీబీ హద్దు దాటిపోతాయి, ఏం చేసినా కలవవు. వాటికి "తెర నమ్మొద్దు" అని రాసిపెట్టుకుంది.

వ్యాపారులకు ఇప్పుడు వాట్సాప్ బొమ్మతో పాటు కొరియర్‌లో పోగు కూడా పోతుంది. ఫోన్లో బొమ్మకు "ఓకే" అంటే లెక్క కాదు. పోగు చూసి, దాని నంబరు రాసి పంపితేనే నూలు తొట్లో పడుతుంది. ఒకరిద్దరు "ఇంత తతంగం ఎందుకమ్మా" అని విసుక్కున్నారు. ఒకాయన వేరే చోటికి వెళ్లిపోయాడు కూడా. ఒప్పుకున్న మొదటి ఆర్డర్ 40 దుప్పట్లు. పెద్దాయన రంగేసి, పగటి వెలుతురులో అట్టతో కలిపి చూసి పంపించాడు. నేను బెంగళూరు బయల్దేరే రోజుకు పడుగు మగ్గం ఎక్కింది. చిన్నాన్న ఆ మెరూన్ పోగును, నంబరు చీటీతో సహా, మగ్గం చట్రానికి ముడేసి పెట్టుకున్నాడు.