తలంబ్రాలు కాదు, వెదురు బుట్ట

భద్రాచలం ఏజెన్సీలో పుట్టిన పాపను విదేశీ యూదు దంపతులు దత్తత తీసుకున్నారనుకోండి. కానుక అనగానే మనవాళ్ల చెయ్యి పోయేది సీతారాముల ప్రతిమ మీదికే, కాదంటే ముత్యాల తలంబ్రాల మీదికి. ప్రేమే, కాదనలేం. కానీ యూదు మతంలో విగ్రహారాధన నిషిద్ధం, ప్రసాదమూ వాళ్లకు ఇబ్బందే.

శుక్రవారం పొద్దుగూకడంతో వాళ్లకు శబ్బాతు అనే వారపు విశ్రాంతి దినం మొదలవుతుంది. పొద్దుగూకక ముందే దీపాలు వెలిగించి, హల్లా అనే రొట్టెలు రెండింటి మీద గుడ్డ కప్పుతారు. ఇది మనకు మరీ కొత్తేం కాదు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులే ఉన్నారు.

అందుకే కానుకగా ఆ రొట్టెలకు మన్యం వెదురు బుట్ట, పైన కప్పడానికి పోచంపల్లి ఇక్కత్ గుడ్డ ఇవ్వండి. వారం వారం పాప పుట్టిన నేల వాళ్ల శబ్బాతు బల్ల మీద కనిపిస్తుంది.

దత్తత కాగితాల సంగతి విదేశీ దత్తతలపై ఉన్న హేగ్ ఒప్పందం ప్రకారం కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ కారా చూసుకుంటుంది. మీరు మాత్రం పాప మొదటి పేరు తెలుగులో రాసి ఆ బుట్టలో పెట్టండి.