పుట్టినూళ్లో పాత జావా

కిక్కు కొట్టేదీ గేరు మార్చేదీ ఒకే కడ్డీ. సిలిండరు ఒకటే, పొగగొట్టాలు మాత్రం రెండు. తయారుచేసిన కంపెనీ 1996లోనే మూతపడింది. అయినా ఆ బండి కోసం మైసూరు రైలెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొనడానికి కొందరు, మూలన పడ్డ నాన్నగారి బండికి మళ్లీ ప్రాణం పోయించుకోవడానికి ఇంకొందరు!

మైసూరు అనగానే దసరా ఊరేగింపు, రాజుగారి ప్యాలెస్, నోట్లో కరిగే పాక్ గుర్తుకొస్తాయి. అరవై దాటినవాళ్లను అడిగితే మాత్రం మరోటి కూడా చెబుతారు... జావా. బెంగళూరు నుంచి నూటయాభై కిలోమీటర్ల లోపే ఉన్న ఈ ఊళ్లో, రైల్వేస్టేషన్‌కు దగ్గర్లోని యాదవగిరిలో ఉండేది ఐడియల్ జావా ఫ్యాక్టరీ. రచయిత ఆర్.కె.నారాయణ్ ఇల్లు ఉన్నదీ ఈ యాదవగిరిలోనే. ఆ ఇంటిని ఇప్పుడు మ్యూజియంగా మార్చారు. మాల్గుడి కోసం వచ్చినవాళ్లు దాన్ని చూసి వెళ్తారు, జావా కోసం వచ్చినవాళ్లు ఫ్యాక్టరీ ఎక్కడుండేదో అడిగి తెలుసుకుని వెళ్తారు.

జావా అన్న పేరు వింటే ఇండోనేసియా దీవి అనుకుంటాం. దానికీ దీనికీ సంబంధం లేదు. చెకొస్లోవేకియాకు చెందిన యానెచెక్ అనే పారిశ్రామికవేత్త 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటార్‌సైకిల్ విభాగాన్ని కొన్నాడు. రెండు పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే 'జావా' అయింది. ఆ బండిని మన దేశంలో తయారుచేయడానికి ఇరానీ కుటుంబం మైసూరును ఎంచుకుంది. 1961లో ఫ్యాక్టరీని ప్రారంభించింది జయచామరాజ ఒడయార్. 1973 నుంచి బండి పేరు 'ఎజ్డీ'గా మారింది. పేరు మారినా మనవాళ్ల నోట మాత్రం చాలాకాలం 'జావా'నే.

అప్పట్లో బండి ఉండటమే గొప్ప. ఊళ్లో ఎరువుల కొట్టు యజమానికో, ఆర్‌ఎంపీ డాక్టరుకో ఒక జావా ఉండేది. చప్పుడు వినగానే ఫలానా ఆయన వస్తున్నాడని పొలంలో ఉన్నవాళ్లు కూడా చెప్పేసేవారు. 1980ల నడుమ జపాన్ సాంకేతికతతో 100 సీసీ బండ్లు దిగాయి. లీటరుకు ముప్ఫై, ముప్ఫై అయిదు కిలోమీటర్లిచ్చే 250 సీసీ బండి వాటిముందు ఏం నిలబడుతుంది? కార్మిక సమస్యలూ తోడయ్యాయి. చివరికి తలుపులు మూతపడ్డాయి. అందులో నేర్చిన పని మాత్రం మూతపడలేదు. చేయి తిరిగినవాళ్లు ఊళ్లో చిన్నచిన్న షెడ్లు పెట్టుకున్నారు. వాళ్ల దగ్గర పని నేర్చినవాళ్లు మరికొందరు. మైసూరు ప్రయాణానికి అసలు కారణం ఆ చేతులే.

కొనేటప్పుడు జనం చేసే పొరపాటు ఏమిటంటే, ముందుగా మెరుపును చూడటం. మెరూన్ రంగు కొత్తగా కొట్టి, ట్యాంకుకు క్రోమియం పూత పూయించి, సీటు మార్చి 'ఫుల్ రీస్టోర్డ్' అని పెడతారు. చూడగానే మనసు లాగేస్తుంది. ఇది మేడిపండు వ్యవహారం. రంగు మాసినా రోజూ తిరిగే బండి వెయ్యి రెట్లు మేలు. ఎందుకంటే దానిలో లోపం ఏదైనా ఉంటే వినిపిస్తుంది, కనిపిస్తుంది. కొత్త రంగు కింద ఫ్రేముకు వేసిన వెల్డింగు మాత్రం కనపడదు.

బేరానికి వెళ్లగానే చేయాల్సిన మొదటి పని ఇంజిను మీద అరచెయ్యి పెట్టడం. వేడిగా ఉందంటే మీరొచ్చేలోపే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లబడేదాకా ఆగి, టీ తాగి వచ్చి కిక్కు కొట్టాలి. కడ్డీని లోపలికి నొక్కి, పైకి తిప్పి, అప్పుడు కిందికి తొక్కాలి. కొత్తవాళ్లకు ఇదే ఓ పరీక్ష! కాలికి గట్టిగా ఎదురుతంతే కంప్రెషన్ ఉన్నట్టు. నీళ్లలో కాలు పెట్టినట్టు మెత్తగా దిగిపోతే బోరు, పిస్టన్ ఖర్చు తయారుగా ఉన్నట్టే.

పొగ చూసి భయపడక్కర్లేదు. ఇది టూ స్ట్రోక్, పెట్రోల్లో నూనె కలిపి పోసే బండి. మొదట్లో పొగ సహజం. వేడెక్కాక తగ్గాలి. పది నిమిషాల తర్వాత కూడా తెల్లగా, దట్టంగా వస్తుంటే క్రాంకు పక్కనున్న ఆయిల్ సీలు పోయి, గేరుబాక్సు నూనెను ఇంజిను తాగేస్తోందని అనుమానించాలి. చిన్న రబ్బరు సీలే, కానీ మార్చాలంటే చాలానే విప్పాలి. ఇంజిను అడుగున ఒకటే హోరు వినిపిస్తే బేరింగులు, సిలిండర్లో గలగలమంటే పిస్టన్. ఈ చప్పుళ్ల తేడా ఫోన్లో వీడియో చూసి తెలుసుకోవడం కష్టం. కొనేముందు పాత మెకానిక్ ఒకరిని వెంటబెట్టుకెళ్లి, ఆయనకు ఆ పూట కూలి ఇవ్వడం దండగ కాదు.

బండి ఇంటికొచ్చాక మొదలవుతుంది అసలు సరదా. ట్యూనింగ్ అంటే స్క్రూడ్రైవరు పట్టుకుని కార్బురేటర్ దగ్గర కూర్చోవడమని చాలామంది అనుకుంటారు. పని తెలిసినవాళ్లు దాన్ని చివరికి ఉంచుతారు. ముందు సైలెన్సర్లు విప్పుతారు. లోపలి గొట్టాలకు ఏళ్లతరబడి పట్టిన మసి గీకి తీస్తారు. ఊపిరి వదిలే దారి మూసుకుపోతే ఎంత తిప్పినా ఆ బండి లాగదు. తర్వాత ట్యాంకు. లోపల తుప్పు ఉంటే కడిగి ఆరబెట్టాలి. కడగకుండా మిగతావన్నీ చేస్తే వారం తిరక్కుండానే తుప్పు పొడి జెట్‌లో ఇరుక్కుంటుంది.

ఆ తర్వాత పాయింట్లు. ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో చెప్పేవి ఇవే. రెండు చిన్న లోహపు బొడిపెలు తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందు దాదాపు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. నిప్పురవ్వ సరిగ్గా పిస్టన్ పైకొసకు చేరినప్పుడు కాదు, అంతకు కొన్ని మిల్లీమీటర్ల ముందు పడాలి. మంట అంటుకోవడానికి కాస్త వ్యవధి కావాలి కదా! ముందే పడితే ఇంజిను వేడెక్కి కొట్టుకుంటుంది. ఆలస్యమైతే నీరసంగా లాగుతుంది. పాయింట్లు తెరుచుకునే క్షణం పట్టుకోవడానికి పాతవాళ్లు వాడేది పల్చటి కాగితం ముక్క. రెండు బొడిపెల మధ్య దాన్ని ఇరికించి, మెల్లగా లాగుతూ ఇంజినును చేత్తో తిప్పుతారు. కాగితం వదులై చేతికొచ్చిన చోటే ఆ క్షణం. పైసా ఖర్చులేని పరికరం!

ఇవన్నీ సరిపోయాకే కార్బురేటర్. బాగా వేడెక్కిన ఇంజిను మీద స్లో రన్నింగ్ స్క్రూ, గాలి స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ వింటారు. బండి ఎక్కడ హాయిగా 'టుగుటుగు'మంటుందో అక్కడ ఆపేస్తారు. ఎంత తిప్పినా వేగం దానంతటదే పెరిగిపోతుంటే తప్పు స్క్రూది కాదు, ఎక్కడో గాలి లోపలికి దూరుతోంది. ఆఖరి తీర్పు ప్లగ్గుది. నాలుగు కిలోమీటర్లు నడిపి విప్పిచూస్తే లేత గోధుమరంగులో ఉండాలి. నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ. తెల్లప్లగ్గుతో హైవే ఎక్కితే పిస్టన్ పట్టేస్తుంది.

నూనె సంగతి కూడా చెప్పుకోవాలి. లీటరుకు 30 నుంచి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ సరిపోతుంది. ఇంజినుకు మంచిదని ప్రేమకొద్దీ రెట్టింపు పోసేవాళ్లున్నారు. ప్లగ్గు మసిబారి దారిలో ఆగిపోవడమే దాని ఫలితం. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు మరో తలనొప్పి. పాతకాలపు రబ్బరు పైపులకూ కార్కు వాషర్లకూ అది పడదు. తేమను పీల్చుకుంటుంది కూడా. నెలల తరబడి బండి తీయనివాళ్లు ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టడం మంచిది.

కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. ఆర్సీలో ఉన్న ఇంజిను, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మళ్లీ కొట్టినట్టు కనిపిస్తే డబ్బు జేబులోనే ఉంచుకోవడం ఉత్తమం. పేరు మార్పిడికి ఫారం 29, 30. కర్ణాటక బండిని మన దగ్గరకు తెచ్చుకోవాలంటే అక్కడి ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం, దానికి ఫారం 28. పదిహేనేళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. యాభై ఏళ్లు దాటినవాటికి 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్తగా తీసుకుంటే రుసుము 20 వేల రూపాయలు. కాకపోతే అలా నమోదైన బండిని రోజూ ఆఫీసుకు వేసుకెళ్తానంటే కుదరదు.

2018లో జావా, 2022లో ఎజ్డీ పేర్లతో కొత్త బండ్లు మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. తయారయ్యేది మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో. అవి ఫోర్ స్ట్రోక్, ఫ్యుయెల్ ఇంజెక్షన్ బండ్లు. వాటికి కాగితం ముక్కతో పనిలేదు. షెడ్లలో పనికి చేరే కుర్రాళ్లు సహజంగానే కొత్త బండ్ల పని నేర్చుకుంటారు. పాయింట్లు సెట్ చేయగల చేతులకు వయసు మీదపడుతోంది. విడిభాగాల్లో చాలావాటికి నకళ్లు దొరుకుతున్నాయి, ఆ చెవులకు మాత్రం నకలు లేదు. అందుకే తెలివైనవాళ్లు మైసూరులో బండిని వదిలేసి రారు. రెండు రోజులు ఊళ్లోనే ఉండి, మెకానిక్ పక్కన పీటేసుకుని కూర్చుని, కనీసం పాయింట్ల పనైనా నేర్చుకుని వస్తారు.

ట్యూనింగ్ ఎలా కుదిరిందో చూడటానికి ఊరి పక్కనే చాముండి కొండ ఉంది. పొద్దున్నే, బస్సుల రద్దీ మొదలవకముందే బయల్దేరాలి. ఘాట్ రోడ్డు మలుపుల్లో మూడో గేరులో గునుస్తుందా, రెండోదానికి దించితే హాయిగా లాగుతుందా, గేరు దానంతటదే జారుతోందా... అన్నీ అక్కడే తేలిపోతాయి. కొండమీద ఉన్న పెద్ద నంది దగ్గర ఆపి, పెట్రోలు ట్యాపు కట్టేసి, ప్లగ్గు విప్పి చూసుకోవచ్చు. చేతికి గుడ్డ చుట్టుకోవడం మాత్రం మర్చిపోకూడదు, అది చాలా వేడిగా ఉంటుంది.