పెట్టెలో ముందు ఖర్జూరం

శుక్రవారం సాయంత్రం రియాద్‌లోని బతా బజారులో నిలబడితే చాలు, జగిత్యాల మాట, నిజామాబాద్ మాట, కడప మాట, కోనసీమ మాట అన్నీ చెవిన పడతాయి. ఇంటికి పోయే నెల వచ్చినవాళ్లు మాత్రం చేతిలో చీటీతో కనిపిస్తారు. దుప్పట్లు, పాలపొడి, టాంగ్ డబ్బాలు, సెంటు సీసాలు, నొప్పుల నూనె, పిల్లలకు చాక్లెట్లు. అన్నీ అట్టపెట్టెలో కూరి, టేపు చుట్టి, తాడు బిగించి, మీద పేరూ ఊరూ పెద్దక్షరాలతో రాస్తారు. తూకం దాటిందా, విప్పి ఏదో ఒకటి తీసి రూంలో వాళ్లకు ఇచ్చేయాల్సిందే.

ఒకప్పుడు ఆ సామాను మన పల్లెల్లో దొరికేది కాదు. అందుకే గల్ఫ్ పెట్టె విప్పుతుంటే వాడంతా వచ్చి చూసేది. ఇప్పుడు అలాంటి దుప్పటి కరీంనగర్‌లోనే దొరుకుతోంది. ఇక్కడ సౌదీలోనేమో 2020 జులై నుంచి పదిహేను శాతం వ్యాట్. అందుకే కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు నేను చెప్పేదొకటే: ఈ నేల పండించింది కొనండి.

ఖర్జూరం కొట్టుకు వెళ్తే తొందరపడొద్దు. రుచి చూపించమంటే చూపిస్తారు. మెత్తగా, బంగారు రంగులో తీయగా ఉండేది ఖసీం ప్రాంతపు సుక్కరీ. నల్లగా, చిన్నగా ఉండేది మదీనా అజ్వా. ఖలాస్ రకానికి పేరున్నవి తూర్పున ఉన్న అల్ అహ్సా తోటలు. ఆ ఒయాసిస్‌ను 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు ఇష్టమైనది సగయీ. ఒక్కో పండూ రెండు రంగుల్లో ఉంటుంది: ఒక కొస పసుపు, కొరికితే కరకరమంటుంది, మిగతాది గోధుమరంగు, నోట్లో పెడితే కరిగిపోతుంది. ఫ్రీజర్‌లో ఉంచే రుతబ్ (ఇంకా ఆరని మెత్తటి పండు) జోలికి పోవద్దు, దారిలో పులుస్తుంది. బాగా ఆరిన పండే ప్రయాణానికి నిలుస్తుంది. ఇంకాస్త డబ్బుంటే జీజాన్ కొండల ఖౌలానీ కాఫీ గింజలు, తాయిఫ్ గులాబీ అత్తరు తీసుకోండి.

దుప్పటి ఒక్కరికే దక్కుతుంది. ఖర్జూరం ఇంటింటికీ గుప్పెడు పంచవచ్చు. పంచుతూ ఇది ఖసీం పండు, ఇది మదీనాది అని చెప్పవచ్చు. మనం ఏళ్ల తరబడి బతికిన దేశం గురించి ఇంట్లోవాళ్లకు తెలిసింది ఎండ, డ్యూటీ, జీతం రాని నెలలు. ఈ నేలలో తీపి కూడా ఉందనీ, మనవాడు దాన్ని ఎరిగి ఏరుకొచ్చాడనీ వాళ్లకు తెలియాలి. అందుకని పెట్టె కట్టేటప్పుడు ముందు ఖర్జూరం సర్దండి. చోటు మిగిలితే అప్పుడు దుప్పటి సంగతి చూసుకోవచ్చు.