ఆగని ఆట

జపానీయుల దృష్టిలో 'గో' కాలక్షేపం కాదు, ఒక విద్య. అడ్డంగా 19, నిలువుగా 19 గీతలున్న పలకపై 361 కూడళ్లుంటాయి. నలుపు, తెలుపు రాళ్లను ఆ కూడళ్లలో పెడుతూ వీలైనంత చోటును చుట్టుముట్టాలి. పెట్టిన రాయిని మళ్లీ జరపరాదు.

1945లో హొనింబో బిరుదు కోసం హషిమోతో ఉతారోతో ఇవామోతో కావోరు తలపడ్డారు. తొలి ఆట హిరోషిమా నగరంలోనే జరిగింది. వైమానిక దాడుల భయం వల్ల రెండవ ఆటను పొలిమేరలోని ఇత్సుకైచికి మార్చారు. ఆగస్టు 6 ఆ ఆటకు మూడవ రోజు. ఉదయం 8.15 గంటలకు కళ్లు జిగేలుమనే వెలుగు, వెనువెంటనే పెనుగాలి! కిటికీ అద్దాలు పగిలాయి. రాళ్లు చెల్లాచెదరయ్యాయి. వారు గదిని సర్దుకొని, రాళ్లను యథాస్థానాలలో పేర్చి, ఆటను కొనసాగించారు. హషిమోతో 5 పాయింట్లతో గెలిచారు.

ఇదేమి నిర్వికారమని నేటి పాఠకుడికి తోచవచ్చు. కాని జరిగినదేమిటో అప్పటికి వారికి తెలియదు. తొలి ఆట జరిగిన ఇల్లు నేలమట్టమైంది. పోటీని ఏర్పాటు చేసిన సెగొయె కెన్సాకు కుమారుణ్ణి కోల్పోయారు.

1946లో బిరుదు ఇవామోతోకు దక్కింది. వృద్ధాప్యంలో ఆయన తన ధనంతో విదేశాలలో గో కేంద్రాలు నెలకొల్పారు. వాటిలో రెండు, న్యూయార్క్, సియాటిల్ కేంద్రాలు, బాంబు వేసిన అమెరికాలోనే వెలిశాయి.