మంచుపలకపై తొలి అడుగులు

నల్లమల కొండలకు తూర్పువైపున మార్కాపురము, కంభము, గిద్దలూరు అను పట్టణములు కలవు. ఈ సీమను పశ్చిమ ప్రకాశమని వ్యవహరింతురు. ఇచ్చట వానలు తక్కువ, ఎండలు మెండు. వేసవి మధ్యాహ్నమున బండలు కాలి పాదము మోపనీయవు. గుండ్లకమ్మ యేటిలో నీటికంటె ఇసుకయే ఎక్కువగా కనబడును. ఇట్టి సీమలో పుట్టిన పిల్లవాడు మంచుగడ్డను ఎరుగడా? ఎరుగును. ఐస్‌ఫ్రూట్ బండివద్ద దానిని చూచియుండును. చేతిలోనికి తీసికొన్నంతలో అది కరగిపోవుటయు చూచియుండును. కాని మంచుగడ్డపై నిలుచుట, దానిపై పరుగెత్తుట, చేత కర్రపట్టి దానిపై ఆటలాడుట అనునవి అతనికి కట్టుకథలవలె తోచును.

అయినను ఈ సీమ పిల్లలకు మిక్కిలి పరిచయమైన వస్తువొకటి కలదు. అది పలక. మార్కాపురము చుట్టుపట్టుల భూమిలో పొరలుపొరలుగా పలకరాయి దొరకును. పనివారు ఉలితో ఆ రాతిని పలుచని రేకులుగా చీల్చి, అంచులు సరిచేసి, నునుపుచేసి, కొయ్యచట్రములు బిగింతురు. కాగితపు పుస్తకములు విరివిగా రాకముందు దేశమున అనేక ప్రాంతముల బాలబాలికలు ఈ పలకలపైననే ఓనమాలు దిద్దిరి. పలకకు గొప్ప గుణమొకటి కలదు. తప్పు వ్రాసిన పిల్లవాడు దానిని తుడిచి మరల వ్రాయవచ్చును. ఎన్నిమారులు తుడిచినను పలక విసుగుకొనదు, వ్రాయువానిని పరిహసింపదు.

మంచుమీది ఆటలు నేర్చుకొను పసివారికి కావలసినదియు అట్టి పలకయే. నున్నని మంచునేల వారి పలక; జోళ్ల క్రిందనుండు ఉక్కుబద్ద వారి బలపము. వారు జారుదురు, పడుదురు, లేచి మరల జారుదురు. ఈ విద్యకు ఐస్ స్కేటింగు అని పేరు. దీనిని నేర్చినవారు కర్రలతో ఆడు ఆట ఐస్ హాకీ.

ఈ విద్య నేటిది కాదు. వేలయేండ్ల క్రిందటనే ఉత్తర ఐరోపా ప్రజలు జంతువుల యెముకలను పాదరక్షలకు కట్టుకొని, గడ్డకట్టిన చెరువులను దాటెడివారు. తరువాత హాలెండు ప్రజలు ఇనుపబద్దల జోళ్లతో కాలువలపై ప్రయాణము చేసిరి. కెనడా దేశమున మాంట్రియల్ నగరమందు 1875వ సంవత్సరము మార్చి 3వ తేదీన ఒక కప్పుగల మంచురంగములో జరిగిన పోటీని ఆధునిక ఐస్ హాకీకి ఆరంభమని చెప్పుదురు. 1920లో పురుషులకును, 1998లో స్త్రీలకును ఒలింపిక్ క్రీడలలో ఈ ఆట ప్రవేశము పొందెను.

మనము నేలపై ఆడు హాకీకిని దీనికిని కొంత పోలిక, కొంత భేదము కలవు. నేలహాకీలో పక్షమునకు పదునొకండుగురు ఆడగా, ఇందు గోలు కాచువానితో కలిపి ఆరుగురే రంగమందుందురు. బంతికి మారుగా మూడంగుళముల అడ్డుకొలతయు, అంగుళము మందమును గల రబ్బరు బిళ్ల వాడుదురు. దానిని పక్ అందురు. బంతియైన మంచుపై ఎగిరెగిరి పడును. బిళ్ల నేలనంటి జారిపోవును.

మంచు ఎందువలన జారును? దాని ఉపరితలమున మిక్కిలి పలుచనైన తడిపొర యొకటి కలదని మైకేల్ ఫారడే అను శాస్త్రజ్ఞుడు 1850లోనే ఊహించెను. మంచు గడ్డకట్టి గట్టిగానున్నను పైపొరలోని అణువులు లోపలి అణువులవలె బిగువుగా కట్టువడియుండవు. ఆ పొరపై ఉక్కుబద్ద సులువుగా సాగిపోవును. బద్ద అడుగుభాగము చదునుగా నుండదు. నడుమ సన్నని గాడియు, ఇరువైపుల పదునైన అంచులును ఉండును. పాదమును కొంచెము వంచినచో ఒక అంచు మంచును పట్టుకొనును. జారుట తడిపొర వలన. మలుపు తిరుగుటయు నిలుచుటయు అంచుల వలన. ఈ రెండును తెలిసినవాడే స్కేటింగు నేర్చినవాడు.

మన దేశమున ఈ ఆటకు పట్టుగొమ్మయనదగినది లడఖ్. సముద్రమట్టమునకు దాదాపు 3,500 మీటర్ల యెత్తుననున్న లేహ్ పట్టణము దానికి ముఖ్యస్థానము. లడఖునకును పశ్చిమ ప్రకాశమునకును ఎంత దూరమైనను ఒక పోలిక కలదు. రెండును వాననీటికి ముఖము వాచిన సీమలే. లేహ్‌లో సంవత్సరమునకు సుమారు 100 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. ఇచ్చట గుండ్లకమ్మ నీటిని నిలుపుటకు విజయనగర రాజుల కాలమున కంభము చెరువు కట్టబడెను. అది పొలములకు ప్రాణము. లేహ్‌లో కర్జూ అను చిన్న చెరువు కలదు. శీతకాలమున అది గడ్డకట్టి, పట్టణపు పిల్లలకు ఆటస్థలమగును. రాత్రివేళ దానిపై పలుచగా నీరు చల్లుదురు. తెల్లవారునప్పటికి అది గడ్డకట్టి నున్ననగును. పగిలిన చోట్లు పూడిపోవును. పలకను తడిగుడ్డతో తుడుచుటవంటిదే ఆ పనియు.

లడఖ్‌లో ఈ ఆటను వ్యాపింపజేసినవారిలో సైనికులు ముఖ్యులు. వారికి మొదట మంచి జోళ్లు లేవు. సైనికుల బూట్లకు ఇనుపబద్దలు బిగించుకొని ఆడిరి. వారిని చూచి ఊరి పిల్లలు ఆడిరి. ఒక జత జోళ్లను పలువురు వంతులవారీగా తొడుగుకొనెడివారు. సామగ్రియంతయు సమకూడిన పిదప ఆట నేర్తుమని కూర్చుండినచో నేటికిని అచ్చట ఆట మొదలై యుండెడిది కాదు.

పసివారికి ఈ విద్యను నేర్పు పద్ధతి చూడదగినది. నాలుగైదేండ్ల శిశువును గురువు మొదటనే మంచుపై పరుగెత్తుమనడు. ముందుగా గట్టినేలపై జోళ్లు తొడిగి నడపించును. తలకు శిరస్త్రాణము, చేతులకు తొడుగులు, మోకాళ్లకును మోచేతులకును దిండ్లు కట్టును. ఆ పిదప నేర్పు మొదటి పాఠము నిలుచుట కాదు, పడుట. మోకాళ్లు వంచి, శరీరమును తగ్గించి, ప్రక్కకు పడవలెను. వెనుకకు పడినచో తలకు దెబ్బ తగులును. పడినవెంటనే వ్రేళ్లను పిడికిలిలో దాచుకొనవలెను. లేనియెడల ఇతరుల ఉక్కుబద్దలు తగులవచ్చును. రెండవ పాఠము లేచుట. ముందుగా మోకాళ్లపైనను చేతులపైనను నిలిచి, ఒక పాదమును మంచుపై మోపి, ఆ మోకాలిపై రెండు చేతులు ఆనించి మెల్లగా లేవవలెను. ఈ రెండు పాఠములు వచ్చిన శిశువునకు భయము సగము తీరును.

తరువాత బాతువలె చిన్నచిన్న అడుగులు వేయింతురు. కొన్ని చోట్ల కుర్చీని ముందుకు నెట్టుచు నడువనిత్తురు. రెండు పాదములపై కొంతదూరము జారుట, పిదప మడమలను వెలుపలికి త్రోసి ఆగుట నేర్పుదురు. హాకీకర్రను చివరను గాని చేతికీయరు. కర్రను ముందుగానే ఇచ్చినచో పిల్లవాడు దానిని ఊతకర్రగా చేసికొని దానిపైననే ఒరుగును; కాళ్లకు నిలుకడ రాదు.

కెనడా, అమెరికా దేశములలో చిన్నపిల్లలచేత రంగమంతయు ఆడింపరు. దానిని అడ్డముగా భాగములుచేసి, చిన్న గోళ్లు నిలిపి, తేలికైన బిళ్లతో ఆడింతురు. చిన్న స్థలములో ప్రతి శిశువునకును బిళ్ల అందును. బలవంతుడైన ఒక్కడే దానిని తీసికొనిపోవుటకు వీలుండదు. ఒడలితో ఎదుటివానిని ఢీకొనుట పెద్దల ఆటలో చెల్లును. దానివలన పిల్లల తలలకు గాయములగుచున్నవని గుర్తించి, పండ్రెండేండ్లు, అంతకు లోబడిన పిల్లల ఆటలో దానిని అమెరికాలో 2011లోను, కెనడాలో 2013లోను నిషేధించిరి. గెలుపోటములకంటె పిల్లల క్షేమమే ముఖ్యమని అచ్చటి పెద్దలు ఆలస్యముగానైనను తెలిసికొనిరి.

లడఖ్‌లో మగపిల్లలకు మంచు లభించినంత సులభముగా ఆడపిల్లలకు లభింపలేదు. చాలకాలము పురుషులు ఆడుకొనగా మిగిలిన వేళలే వారికి దక్కినవి. జోళ్లు, కవచములు అన్నదమ్ములవద్ద ఎరువు తెచ్చుకొనవలసి వచ్చెను. అయినను వారు ఆట మానలేదు. 2016లో మన దేశపు మహిళల జట్టు మొదటిసారిగా అంతర్జాతీయ పోటీకి తైవాన్ వెళ్లెను. ప్రయాణపు ఖర్చులకు ప్రజలవద్ద చందాలు సేకరింపవలసి వచ్చెను. ఆ జట్టు గోలును కాచినవారిలో నూర్ జహాన్ అను లడఖ్ యువతి యొకతె. ఆ పోటీలో వారు ఓడిపోయిరి. మరుసటి యేడు, 2017లో, బ్యాంకాక్ నగరమున ఫిలిప్పీన్స్ జట్టును 4–3 గోళ్లతో ఓడించి తొలి విజయము సాధించిరి. 2025 జూన్ నెలలో అరబ్ ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ నగరమున జరిగిన మహిళల ఆసియా కప్పు పోటీలలో మన జట్టు కాంస్యపతకము గెలుచుకొనెను.

పతకముకంటె గొప్పపని మరియొకటి వారు చేసిరి. లడఖ్ యువతులు సంఘముగా నేర్పడి, చలికాలమున పల్లెలకు పోయి శిక్షణ శిబిరములు నడిపిరి. తమకు చిన్ననాడు దొరకని జోళ్లను, గురువులను, వేళలను తమ తరువాతివారికి సమకూర్చిరి. నాలుగు ఒలింపిక్ స్వర్ణపతకములు గెలిచిన కెనడా క్రీడాకారిణి హేలీ వికెన్‌హైజర్ 2018లో లేహ్ వచ్చి అచ్చటి పిల్లలతో కలిసి ఆడెను. తాను పొందిన విద్యను ఇతరులకు పంచినవారివలననే ఏ విద్యయైనను నిలుచును.

తెలుగునేలపై గడ్డకట్టు చెరువు లేదు. అట్లని తెలుగు పిల్లలకు ఈ విద్య అందరానిది కాదు. చక్రముల జోళ్లతో గట్టినేలపై జారు రోలర్ స్కేటింగు దీనికి తోబుట్టువు. శరీరమును నిలుపుకొనుట, మోకాళ్లు వంచుట, మలుపు తిరుగుట రెంటను ఇంచుమించుగా ఒకటియే. హైదరాబాదు నివాసియైన యామా అనూప్ కుమార్ 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో రోలర్ స్కేటింగునందు రెండు కాంస్యపతకములు గెలిచెను. తెలంగాణకు చెందిన నయనశ్రీ తాళ్లూరి 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలలో ఐస్ స్కేటింగునందు స్వర్ణపతకము పొందెను. మంచు కురియని నేలనుండి వచ్చిన బాలిక మంచుసీమలో మొదటి స్థానమందుట చిన్న విషయము కాదు.

అయితే ఈ ఆటకు నేడొక చిక్కు కలిగినది. శీతకాలములు వేడెక్కుచున్నవి. లేహ్‌లో సహజమైన మంచు నిలుచు దినములు రెండు నెలలకు మించుట కష్టముగానున్నది. సిమ్లాలో 1920 నుండి ఆరుబయట నీటిని గడ్డకట్టించి స్కేటింగు చేయుచున్నారు. అచ్చటను ఆడదగిన దినములు తగ్గుచున్నవి. యంత్రములతో మంచును తయారుచేయవచ్చును గాని అది వ్యయముతో కూడిన పని. 2011లో దక్షిణాసియా శీతకాల క్రీడలకై డెహ్రాడూన్‌లో కట్టిన మంచురంగము చాలకాలము మూతపడియుండి, 2025లో మరల తెరువబడెను. ధనికుల పిల్లలు టికెట్టు కొని యంత్రపు మంచుపై నేర్చుకొనగలరు. చెరువు గడ్డకట్టనిచో పల్లె పిల్లలు ఎచ్చట నేర్చుకొందురు? మంచు తగ్గినకొలది మొదట ఆటకు దూరమగువారు పేదపిల్లలు. ఉన్న కొద్దివేళలు పంచుకొనవలసి వచ్చినపుడు మొదట వెనుకకు నెట్టబడువారు ఆడపిల్లలు. కావున వేళలు పంచు పెద్దలు ఈ సంగతిని మరువరాదు.

మార్కాపురమందును గిద్దలూరునందును మంచురంగము లేదు. కాని చదునైన సిమెంటు నేల యుండవచ్చును, చక్రముల జోళ్లు ఒక జత యుండవచ్చును, హాకీకర్రలు నాలుగుండవచ్చును. వీనికంటె అవసరమైనవి రెండు కలవు. ఒకటి, పడిన పిల్లను చూచి నవ్వని తోటివారు. రెండవది, పడినప్పుడెల్ల ఎత్తుకొనక, లేచువరకు ప్రక్కన నిలిచియుండు పెద్దలు. పడిన ప్రతిసారియు ఎవరో ఒకరు లేవనెత్తినచో శిశువునకు లేచుట రాదు. ఎవరును దగ్గర లేనిచో లేవవలెనను ధైర్యము రాదు.

లేహ్‌లోని సైనికులకు బూట్లుండెను, మంచు ఉండెను. వారు జోళ్లు తామే చేసికొనిరి. అచ్చటి యువతులకు ఆట వచ్చెను, వేళలు లేవు. వారు వేళలు సంపాదించిరి. మన యూళ్ల పిల్లలకు నేల యున్నది, ఉత్సాహమున్నది. తక్కినదానిని సమకూర్చు పని పెద్దలది. పడినను మరల లేచు పని పిల్లలది.