కొట్టేదా, ఉంచేదా

జూన్ 22, 2025, ఆదివారం

మల్లె ఈ ఏడూ మోసం చేసింది. ఉగాది నుంచి కోసిన మొగ్గలన్నీ పోగేసినా రెండు మూరలు దాటవు. ఆకు మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. మా ఆయన చూసి, "పీకి పారేయ్, పూలు బజార్లో కొనుక్కో" అన్నారు. ఆయనకు అన్ని రోగాలకూ బజారే మందు.

పీకే ముందు ఒకసారి చూద్దామని పొద్దున్నుంచీ వసారాలో కూర్చుని ఎండ ఎటు నడుస్తుందో కనిపెట్టాను. పదకొండుకు మల్లె మీద పడింది. ఒంటిగంట కాకముందే మామిడి నీడ కమ్మేసింది. నవంబరులో నీళ్ళాపడం, జనవరిలో కొమ్మలు కత్తిరించి ఆకు దూయడం, అన్నీ పద్ధతిగానే చేశాను. ఎండ లేకపోతే అదేం చేస్తుంది? నీడలో మల్లె ఆకే పెంచుతుంది. అంటే పంచాయితీ మల్లెతో కాదు, మామిడితో.

ఆ మామిడి మాత్రం ఏం ఉద్ధరించింది గనక! ఇల్లు కట్టుకున్నప్పుడు ఖాదర్ అంటు అని చెప్పి నర్సరీలో ఇచ్చారు. ఇన్నేళ్ళలో కాసినవి గుప్పెడు, అవీ పీచు. ఒక ఏడు కాసి ఒక ఏడు మానేయడం ఖాదర్‌కు అలవాటేనని ఓపిక పట్టాను.

జూన్ 24, మంగళవారం

నిమ్మ సంగతి తేలిపోయింది. దీనికి ఆలోచనే అక్కర్లేదు. కాయ మీద, ఆకు మీద, చివరికి కొమ్మ మీద కూడా గరుకు గరుకు మచ్చలు. గోటితో గీరితే బెరడు పొడి రాలుతోంది. గజ్జి తెగులు. ఆకుల్లో పాముపొడ పురుగు వంకర టింకరగా గీసిన తెల్ల గీతలున్నాయి. ఆ గాయాల్లోంచే గజ్జి లోపలికి దూరుతుంది. రాగి మందు కొట్టి, తెగులు కొమ్మలు కత్తిరిస్తూ వచ్చాను. వాన పడితే చాలు, మళ్ళీ మొదలు. వాన చినుకే దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. ఇక్కడ జాలిపడితే పక్కింటావిడ నిమ్మకూ అంటిస్తాను.

మా అత్త నాటిన చెట్టు కదా అని ఈయన నసిగారు. అత్త ఉండి ఉంటే ఎప్పుడో కొట్టేసేది. కాయని బీరపాదును పూత టైములోనే పీకి మేకకు వేసిన మనిషి.

జూన్ 29, ఆదివారం

పాకాల దగ్గర తమ్ముడి మామిడి తోపుకు వెళ్ళొచ్చాను. దోవలో దామలచెరువు మండీ దగ్గర ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి, తోతాపురి నిండుగా.

నా చెట్టు కాయలేదని నా ఏడుపు. వాడిది విరగకాసిందని ఏడుపు. కొమ్మలు నేలకు తగులుతున్నాయి. గవర్నమెంటు ఈ ఏడు కిలోకు పన్నెండు రూపాయలు ఖాయం చేసింది. ఎనిమిది గుజ్జు ఫ్యాక్టరీ ఇవ్వాలి, నాలుగు గవర్నమెంటు ఇస్తుంది. "గేటు దగ్గర ఎనిమిది ఎవరిస్తారక్కా? పోయినేటి గుజ్జే డ్రమ్ముల్లో ఉండాదంట. కోత కూలి, బండి బాడుగ పోతే నాకు మిగిలేది ఏముండాది? మొత్తం కొట్టి పడేస్తా" అన్నాడు. కోపంతో అన్నాడనుకుంటే, గొడ్డలి నిజంగానే పంప్‌షెడ్డులో పదును పెట్టి ఉంది.

వాడి మాటలో నిజముంది. ఈ జిల్లాలో ఒకప్పుడు చెనిక్కాయ వేసిన చేలెన్నో, వానల్లేక, మామిడి తోపులైపోయాయి. అందులోనూ ఎక్కువమంది తోతాపురే పెట్టారు. తోతాపురి ఏటా కాస్తుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది, గుజ్జు బాగా దిగుతుంది. కానీ తినడానికి ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు తక్కువ. కొనేది ఫ్యాక్టరీ. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు రేటు వాడి నోట్లోనే ఉంటుంది. ఇందులో చెట్టు చేసిన నేరం ఏముంది? చేయాల్సిన పని చేసింది, అంతకు మించి చేసింది.

"అన్నీ బేనిషాకు మార్చేస్తా" అన్నాడు తర్వాత. బేనిషా పండితే వారంలో అమ్ముడుపోవాలి, ఏటా ఒకే తీరున కాయదు. పైగా ఈ ఊరోళ్ళందరూ ఇదే ఆలోచనలో ఉంటే నాలుగేళ్ళకు బేనిషాకూ ఇదే గతి. నా మాట ఒకటే చెప్పాను: మొత్తం వద్దు, రోడ్డు వైపు రెండు సాళ్ళు మార్చు. చెట్టు కొట్టేస్తే వేరుతో సహా పోతుంది. అంటు కట్టి తల మారిస్తే వేరు నీదగ్గరే ఉంటుంది. వాడు ఔననలేదు, కాదనలేదు. వచ్చేటప్పుడు రెండు గోతాల కాయ బండిలో వేశాడు. ఇంత తోతాపురి నేనేం చేసేది? ఆవకాయకు పెట్టడానికి కూడా ఒక హద్దుండాలి.

జూలై 3, గురువారం

తమ్ముడు పంపితే అంటు కట్టే ఆయన వచ్చారు. పైకి చూడనే లేదు. నేరుగా మామిడి మొదట్లో కూర్చుని మట్టి కాస్త తోడి, చేత్తో తడిమారు. జానెడు ఎత్తులో ఒక పక్కన బొడిపె. దాని మీద బొటనవేలంత ఎండిన ముక్క, గోరు పెడితే పొడిపొడిగా ఊడివచ్చింది. మానంతా ఆ బొడిపెకు కింది నుంచి లేచింది.

"ఇది ఖాదర్ కాదు మ్మా. పైన కట్టింది ఎప్పుడో సచ్చిపోయుండాది. అడుగుది, టెంక మొక్క, పైకొచ్చేసుండాది."

ఇన్నేళ్ళూ ఖాదర్ అనుకుని నాటు చెట్టుకు ఎరువేశాను. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఇది కాయట్లేదని తిట్టిన తిట్లన్నీ ఇక్కడ లేని చెట్టును తిట్టినవి. ఉన్న చెట్టు మాత్రం గట్టిగానే ఉంది. మనకు నీళ్ళు తక్కువైన ఎండాకాలాలన్నీ తట్టుకుంది. అందుకే ఆయన, "వేరు బంగారం మ్మా, తల మారిస్తే చాలు" అన్నారు.

నడుము ఎత్తున కోసి, కోత మీద బోర్డో పేస్టు పూసి వదిలేయాలి. చిగుళ్ళొచ్చి పెన్సిలంత లావయ్యాక అంటు. పుల్ల తెచ్చే కొమ్మకు వారం పది రోజుల ముందే ఆకులు తుంచేస్తారట, కాడ మాత్రం ఉంచి. అప్పుడే మొగ్గ ఉబ్బుతుంది. పైగా మాను పొట్టిదైతే మల్లెకు రెండు మూడేళ్ళు ఎండ దక్కుతుంది. ఈ లాభం ఆయన చెప్పలేదు, నేనే లెక్కేసుకున్నాను.

జూలై 6, ఆదివారం, తొలి ఏకాదశి

ఎర్రచందనం మిగిలింది. పిల్లాడి స్కూల్లో వనమహోత్సవం రోజు ఇచ్చిన మొక్క, గోడకు అడుగు దూరంలో నాటాం. ఇప్పుడు నా మణికట్టంత. వచ్చిన చుట్టాలందరూ "కోట్లు కాస్తాయి" అంటారు. చేవ పట్టాలంటే దశాబ్దాలు కావాలి. శేషాచలం రాళ్ళలో, నీళ్ళు లేక అల్లాడుతూ పెరిగేది కాబట్టి దానికా రంగు. పెరట్లో బట్టలుతికిన నీళ్ళు తాగేదానికి అంత చేవ ఎక్కడిది? ఒకవేళ పట్టినా, కొట్టడానికీ తరలించడానికీ ఫారెస్టు వాళ్ళ అనుమతి ఉండాలి.

సాయంత్రం మా ఊరి కోట వైపు నడిచినప్పుడు గుర్తొచ్చింది: అక్కడి రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కలప వాడలేదు. అంత ఎర్రచందనపు అడవిని పక్కన పెట్టుకుని! విజయనగర రాజులకు లేని ఆశ మా చుట్టాలకుంది.

మొక్క సంగతి గోడ పగలకముందే తేల్చాలి. తేల్చలేదు. ముందు ఫారెస్టు ఆఫీసుకు వెళ్ళి ఇంత మొక్కకు కూడా కాగితం కావాలో ఏమో కనుక్కోమన్నాను. ఈయన వచ్చే వారం అన్నారు. ఆ వారం ఎప్పుడొస్తుందో నాకు తెలుసు.

జూలై 20, ఆదివారం

మామిడి కోశాం. ఆషాఢంలో మంచి పనులు చేయరాదంటారు, రంపం పనికి ఎవరడుగుతారు. సొన చిమ్మి పనివాడి ముంజేయి బొబ్బలెక్కింది, కొబ్బరి నూనె రాయించాను. అదే రంపంతో నిమ్మ కూడా. దాని ఆకూ కొమ్మా అక్కడే తగలబెట్టించాను, దిబ్బలో వేయనివ్వలేదు. వంటగదిలోకి ఇంత వెలుతురు వస్తుందని తెలియదు. పాత గిన్నెల మసి కూడా బాగా కనిపిస్తోంది.

సెప్టెంబరు 14, ఆదివారం

మోడు చుట్టూ చిగుళ్ళు గుత్తులుగా లేచాయి, ఎర్రగా. నాలుగు దిక్కులా నాలుగు బలమైనవి ఉంచి మిగతావి తీసేయమన్నారు అంటు కట్టే ఆయన. ఉత్తరం వైపు రెండు సమానంగా ఉన్నాయి. లోపలికి వంగినది తీసేశాను. పుల్లలు ఖాదర్ వద్దని చెప్పాను. ఇంటికి తినడానికి బేనిషా రెండు, పచ్చడికి తోతాపురి రెండు. తమ్ముడు విని నవ్వి, తోతాపురి పుల్ల నా తోపులోదే తీసుకో అన్నాడు. రోడ్డు వైపు రెండు సాళ్ళూ కోయించాడట.

నిమ్మ గుంతలో ఈ ఏడు ఏమీ పెట్టను. తర్వాత పెడితే బాలాజీ రకం. తిరుపతి నిమ్మ పరిశోధనా కేంద్రం వాళ్ళది, గజ్జిని తట్టుకుంటుంది. ఈసారి బిల్లు తీసుకుని, అంటు ఎక్కడ కట్టారో వేలు పెట్టి చూసి కొనాలి.